దుమ్ము బయటికి రాకుండా

జూన్ 26

జగిత్యాల పోయి వచ్చాం. టీబీ కాదట.

ఇన్ని నెలలు మింగిన గోళీలు దేనికో మరి. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది.

"నరేశ్, ఏం పని చేస్తవ్?" అని మా ఆయన్ని అడిగింది.

ఆయన గర్వంగానే చెప్పాడు. "బ్లాస్టింగ్ మేడం. ఇనుము మీద తుప్పు, పాత రంగు పోవాలంటే గాలి జోరుతోని ఇసుక కొడతం. గల్ఫ్‌ల ఓడల యార్డుల నేర్చుకున్న. కోరుట్లల సొంత షెడ్డు ఉన్నది."

"ఏం ఇసుక కొడతరు?"

"మన వాగు ఇసుకనే."

ఆమె పెన్ను కింద పెట్టింది. మూతికి ఏం కట్టుకుంటావంది. దస్తి అన్నాడు. తడిపి కట్టుకుంటానని కూడా చెప్పాడు, అదేదో పెద్ద జాగ్రత్త అయినట్టు.

"కంటికి కనవడే దుమ్ముతోని అంత భయం లేదు. అది ముక్కుల, గొంతుల ఆగిపోతది. ఇసుక పగిలి, కనవడనంత సన్నగయితది చూడు, అది లోపలిదాకా పోయి అక్కడనే కూసుంటది. మెత్తగ ఉండాల్సిన ఊపిరితిత్తి గట్టిపడతది."

దాని పేరు సిలికోసిస్. మందు ఉందా అని నేనడిగాను. దగ్గు తగ్గడానికి, ఊపిరి ఆడడానికి ఇస్తాం, పాడైంది మాత్రం తిరిగి రాదు అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వేం చేస్తవమ్మా?"

"ఇంట్ల పని మేడం."

ఆయన నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. 


జూన్ 27

అబద్ధమేం కాదు. ఇంటి పని చేస్తాను కదా. డ్రమ్ములో ఇసుక పోయడం, వాల్వు తిప్పడం, లోపలి నుంచి ఆయన చెయ్యి ఊపితే గాలి ఆపడం, అదీ ఒక పనేనా? దుమ్ము మధ్యలో నాజిల్ పట్టుకుని నిలబడేది ఆయన. నేను షెడ్డు ద్వారం దగ్గర, బయటే ఉంటాను.

నాకు జలుబు చేసింది. వానలు మొదలైనప్పుడల్లా చేస్తుంది.


జూలై 3

షెడ్డు మూసే ఉంది. ఆయన మంచం మీద కూర్చుని యార్డు సంగతులు చెబుతున్నాడు. పెళ్లైన కొత్తలో చెప్పేవాడు ఇలా.

"అక్కడ వాగు ఇసుక ముట్టనియ్యకపోదురు. తలకు పెద్ద టోపీ, దాంట్లకు పైపుతోని మంచి గాలి. పని మొత్తం గదిల. గోడల పొంటి దుమ్మును గుంజే మిషన్లు."

"మరి ఇక్కడెందుకు పెట్టుకోలె?"

"ఇక్కడ ఎవలు అడిగిండ్రు లతా? గేటు తెస్తరు, ట్రాక్టరు డబ్బ తెస్తరు, సాయంత్రం వరకు కావాలంటరు. గదులు, మిషన్లు పెట్టి కూసుంటే పని ఎప్పుడయితది."

అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. వీపు రాస్తూ కూర్చున్నాను.


జూలై 9

జైపాల్ నాజిల్ పట్టాడు.

నేను వద్దనలేదు. మరిది కదా, ఇన్నేళ్లు రంగు కొట్టే పనే చేశాడు. అన్నకు బాగా లేనప్పుడు తమ్ముడు చెయ్యకపోతే ఎవరు చేస్తారు? పొద్దున కంప్రెసర్ వేసి, దస్తి తడిపి కట్టుకుని లోపలికి పోయాడు. నేను డ్రమ్ము దగ్గర నిలబడ్డాను.

కాసేపటికి షెడ్డు నిండా తెల్లటి పొగలాగా కమ్మింది. మనిషి కనిపించలేదు, నీడ కనిపించింది. ఎడమ భుజం కొంచెం కిందికి వంచి, పైపును తుంటికి ఆనించుకుని. అన్నదమ్ములు ఒకలాగే నిలబడతారని నాకు తెలియదు. మా ఆయనే లోపల ఉన్నాడనుకున్నాను. ఒక్క క్షణం కాదు, బాగానే అనుకున్నాను.

వాల్వు తిప్పేశాను.

జైపాల్ దస్తి కిందికి లాగి బయటికి వచ్చాడు. కనుబొమ్మలు, చెవులు, మెడ అంతా బూడిద రంగు. "ఏమైంది వదినా? ఎందుకు బంద్ చేసినవ్?"

"చాలు. ఇంటికి పో."

"సగం గేటు ఉన్నది."

"ఉండనియ్యి."


జూలై 10

ఇంట్లో గొడవ. జైపాల్ గట్టిగా అరిచాడు. "అన్నకు అయిందని అందరికి అయితదా? షెడ్డు మూసి ఏం తిందాం చెప్పు. నేను గూడ గల్ఫ్ పోవాల్నా?"

నేను మా ఆయన ముఖం చూశాను. తమ్ముడి తరఫున మాట్లాడతాడనుకున్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే అన్నాడు.

"దుమ్ము ఆగేదాక వాడు లోపలికి పోవద్దు. గంతే."


జూలై 18

అర్జున్ రావు సారు వచ్చాడు. రాయికల్ దారిలో వాళ్లది బాయిల్డ్ రైస్ మిల్లు. వడ్లు పోసే పెద్ద తొట్లు, చుట్టూ రేకులు అన్నీ తుప్పు పట్టాయి. వానాకాలం వడ్లు మిల్లుకు రాకముందే శుభ్రం చేసి రంగు వేసి ఇవ్వాలట. ఇంత పెద్ద పని మాకు ఎప్పుడూ రాలేదు.

"చేస్తరు గదా శ్రీలతమ్మా? నరేశ్ చేతి పని మాకు తెల్సు. లేకుంటే చెప్పుండ్రి, వేరేటోళ్లను చూసుకుంట."

"చేస్తం సార్," అని నేనే అన్నాను.

ఎలా చేస్తామో నాకు తెలియదు.


జూలై 29

తడిపి కొడితే దుమ్ము లేవదు. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లు ఎవరికీ తట్టలేదు! నాజిల్ మూతికి నీళ్ల పైపు బిగించాం. ముందు నేను చూస్తాను అన్నాను, జైపాల్ నన్ను పట్టనివ్వలేదు. మొదటి తొట్టి కొట్టాడు. కాళ్ల కింద బురద. గాలి మాత్రం నిర్మలంగా ఉంది. మా ఆయన ఇంటి గడపలో కుర్చీ వేసుకుని చూశాడు.

ఈ రోజు అందరం కడుపు నిండా తిన్నాం.


ఆగస్టు 5

తడి ఇనుము పూట గడవకముందే ఎర్రబడింది. పైకి కనీకనపడనంత తుప్పు. ఆరిందని దాని మీదే రంగు వేశాం. అర్జున్ రావు సారు వచ్చి తొట్టిని చుట్టూ చూసి, కారు తాళంచెవితో ఒక గీత గీశాడు. రంగు పొరలాగా లేచి వచ్చింది.

"గిదేంది శ్రీలతమ్మా?"

చెప్పాను. దుమ్ము సంగతి, డాక్టరమ్మ మాట, అంతా. ఆయన చెడ్డ మనిషి కాదు. మా ఆయన దగ్గరికి పోయి కూర్చున్నాడు, మంచి ఆసుపత్రి పేరు చెప్పాడు. లేచేటప్పుడు మాత్రం అన్నాడు, "మీ కష్టం నాకు సమజయితది. కాని వడ్లు ఆగవు గదా. ఎప్పటి లెక్క పొడిగనే కొట్టుండ్రి. ఈ ఒక్క పనికి."

ఈ ఒక్క పనికి. మా ఆయన కూడా ప్రతిసారీ ఇదే అనేవాడు.


ఆగస్టు 13

షెడ్డు చుట్టూ టార్పాలిన్ పట్టాలు కట్టి, వెనక గోడకు పెద్ద ఫ్యాను బిగించాం. లోపల ఉన్నది బయటికి పోతుంది. జైపాల్‌కు గాలి వచ్చే టోపీ తెప్పించాను. కంప్రెసర్ గాలిని నూనె వాసన లేకుండా వడగట్టే డబ్బా కూడా. టోపీ మెడ మీద బరువుగా ఉందని సణిగాడు కానీ పెట్టుకున్నాడు.

బాగా పనిచేసింది. లోపల మనిషి కనిపించాడు.


ఆగస్టు 14

స్వరూప వచ్చింది. మా వెనక ఇల్లు. వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతుంది. చేతిలో చాట. చాటలో తునికాకు, తంబాకు, వాటి మీద సన్నగా, పిండి జల్లినట్టు.

"శ్రీలతక్కా, ఇది ఏడికెళ్లి పడ్డదో చూడు."

నేను చూశాను.

"ఆకు పాడయితే కంపెనీల తిరుగగొడతరు, అది నేను పడత. పిల్లలు గక్కడనే ఆడతరక్కా. నరేశన్నకు ఏమైందో గల్లీ మొత్తానికి ఎరుక. నీ ఇంట్లకెళ్లి తీసి నా ఇంట్ల పోస్తవా?"

కోపంగా అనలేదు. కోపంగా అంటే ఏదో ఒకటి బదులు చెప్పేదాన్ని.

ఫ్యాను విప్పించాను.


ఆగస్టు 16

రాయడానికి ఏమీ లేదు. జైపాల్ గల్ఫ్ ఏజెంటుతో ఫోనులో మాట్లాడుతున్నాడు. నేను వినలేదనుకుంటున్నాడు.


ఆగస్టు 19

ఆయన పొద్దున్నే సుద్దముక్క అడిగాడు. జైపాల్‌ను పట్టుకుని షెడ్డు దాకా నడిచాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. తర్వాత నేల మీద కూర్చుని గీయడం మొదలుపెట్టాడు.

"ఇది గది. చుట్టూ ఇనుప రేకు, అతుకులకు రబ్బరు. గాలి పైనుంచి లోపలికి రావాలె, కిందినుంచి బయటికి పోవాలె. అప్పుడు దుమ్ము మొగానికి రాదు, కాళ్ల దిక్కు పోతది. కిందినుంచి పెద్ద పైపు. గిక్కడ పీపా. దాంట్ల గాలి గిర్రున తిరిగితే మోటుది కింద పడతది. సన్నది పడది. దానికి సంచులు. సంచుల లోపలికి దుమ్ముగాలి పోవాలె, బయటికి ఉత్త గాలి రావాలె. ఫ్యాను అన్నిటికన్న చివర. నెట్టద్దు, గుంజాలె. నెడితే ప్రతి సందులకెళ్లి కక్కుతది."

"ఇసుక?" అని జైపాల్ అడిగాడు.

"ఇసుక బంద్. ఉక్కు రవ్వ. అది పగలది, ఏరుకొని మల్ల మల్ల కొట్టచ్చు."

ఇదంతా ఒక్కసారి చెప్పలేదు. రెండు మాటలకు ఒకసారి ఆగి, చెయ్యి పైకెత్తి, ఊపిరి వచ్చాక చెప్పాడు. మేమిద్దరం ఆగినంతసేపూ ఆగాం. గీసి గీసి సుద్ద అయిపోయింది. ముఖంలో మెరుపు ఉంది. నాకు మాత్రం ఒకటే అనిపిస్తోంది. ఇదంతా ఈయన తలలో ఇన్నేళ్లూ ఉందా?

అడగలేదు. ఇప్పుడు అడిగి ఏం లాభం.


సెప్టెంబరు 4

భీమయ్య వెల్డింగు చేస్తున్నాడు. నా పుస్తెలతాడు గురించి ఇక్కడ రాయను. జైపాల్ ఏజెంటుకు ఫోను చేయడం మానేశాడు. రోజంతా భీమయ్యకు రేకులు అందిస్తున్నాడు. అర్జున్ రావు సారు రెండుసార్లు కారు ఆపి చూసి పోయాడు. రెండోసారి దిగి, గది చుట్టూ తిరిగి, "దీపావళి దాటిన వారం. అంతకన్న ఆగ," అన్నాడు.


సెప్టెంబరు 11

సంచులు హైదరాబాదులో దొరుకుతాయట. మా పీపాకు సరిపోయే కొలతలో లేవట, చేసి ఇవ్వాలంటే చాలా ఆలస్యం అవుతుందట. మా ఆయనే అన్నాడు, "సిరిసిల్ల పో. బాలలక్ష్మి చిన్నమ్మను అడుగు."

బాలలక్ష్మి చిన్నత్త వాళ్లింట్లో కింద బట్ట నేసే మరమగ్గాలు, అంటే సాంచాలు, పైన ఆమె కుట్టు మిషన్లు. సాంచాల చప్పుడుకు మెట్లు కూడా వణుకుతాయి. పైకి చేరేసరికి ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందే శ్రీలతా, గిన్ని మెట్లకే గట్ల రొప్పుతున్నవు?"

"బస్సుల నిలవడి వచ్చిన చిన్నత్తా."

ఏం కావాలో చెప్పాను. గాలి పోవాలి, దుమ్ము పోకూడదు. ఆమె నవ్వింది. "గసోంటి బట్ట ఉంటే నేనే చీరె కట్టుకుందు, సాంచాల కాడ." కానీ లేచి వెతికింది. చీరల బట్ట పలుచన. ఇంకొకటి మరీ గట్టిగా ఉండి గాలి పోవడమే లేదు. చివరికి లంగాలకు నేసే నూలు బట్టలో దగ్గర నేత రకం ఒకటి తీసింది. షెడ్డు నుంచి తెచ్చిన సన్న దుమ్మును దాంట్లో మూట కట్టి, కింద నల్ల గుడ్డ పరిచి, గట్టిగా దులిపింది. ఒక పొర వేస్తే నల్ల గుడ్డ మీద మసక పడింది. రెండు పొరలు వేస్తే పడలేదు. ఇద్దరం వంగి చూశాం, వేలితో రాసి చూశాం. పడలేదు.

"నరేశ్ ఎట్లున్నడు?" అని అప్పుడు అడిగింది. అంతదాకా అడగడానికి భయపడిందేమో.

"మంచిగనే ఉన్నడు. మొన్న షెడ్డుదాక నడిచిండు."

ఆమె మిషన్ ముందు కూర్చుంది. సాయంత్రం వరకు కుట్టింది. ఒక్కో కుట్టు మీద మళ్లీ కుట్టు వేసి, సూది రంధ్రాల నుంచి కూడా పోకూడదని కుట్ల మీద జిగురు రాసింది. బస్టాండుకు తానే మోసుకొచ్చింది. నన్ను మోయనివ్వలేదు.


సెప్టెంబరు 30

సద్దుల బతుకమ్మ. రెండు పాటలకే కూర్చున్నాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అందుకే.


అక్టోబరు 6

మొదటిసారి నడిపాం. రెండు అతుకుల దగ్గర దుమ్ము చిమ్మింది, ఒక సంచి మెడ దగ్గర ఊడిపోయింది. పైపులోంచి తెల్లగా పొగ. స్వరూప వాళ్ల గోడ మీదుగా చూడడం కనిపించింది. కంప్రెసర్ బంద్ చేశాం. జైపాల్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

ఆయన గడపలోంచి అరిచాడు. అరిచానని అనుకున్నాడు, గొంతు అంత దూరం రాలేదు. నేను దగ్గరికి పోయి విని వచ్చి చెప్పాను. "అతుకుల లోపలి దిక్కు గూడ రబ్బరు పెట్టుమంటుండు. సంచి మెడకు క్లిప్పు కాదు, పట్టీ వేసి బిగియ్యమంటుండు."

భీమయ్యను మళ్లీ పిలిచాం.


అక్టోబరు 10

దుమ్ము ఆగింది.

ముందు ఒక పాత రేకు కొట్టాం. తర్వాత సారు తొట్టి. గదికి చిన్న గాజు కిటికీ పెట్టించాను. దాంట్లోంచి జైపాల్ కనిపిస్తున్నాడు. చేతులు, టోపీ, నాజిల్ ముందు ఎగిరే నిప్పురవ్వలు, అన్నీ స్పష్టంగా. దుమ్ము లేస్తోంది, లేచింది లేచినట్టే కాళ్ల వైపు జారిపోతోంది. నేను బయట వాల్వు దగ్గర నిలబడి, సంచుల గదికి పైన ఉన్న పైపు కేసి చూస్తూనే ఉన్నాను. ఏమీ లేదు. ఆకాశం ఉంది.

స్వరూప గోడ దగ్గరికి వచ్చింది. "మిషన్ మోగుతున్నది గని పని చేస్తలేరా అక్కా?"

"లోపల చేస్తుండు," అన్నాను.

ఆమె కూడా పైకి చూసింది. ఇద్దరం పిచ్చివాళ్లలాగా పైకి చూస్తూ నిలబడ్డాం.

ఆయనను కుర్చీతో సహా జైపాల్, భీమయ్య మోసుకొచ్చారు. కిటికీలోంచి చూసి, పైపు మీద చెయ్యి పెట్టి, లోపల దుమ్ము జరజరా పోవడం అరచేతితో విన్నాడు. చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

"ఇది ముందుగాల చేసి ఉంటే," అని మొదలుపెట్టి, ఆపాడు. ఊపిరి అందక ఆపాడనే రాస్తున్నాను.


అక్టోబరు 24

అర్జున్ రావు సారు తొట్లు తీసుకుపోయాడు. తాళంచెవితో గీసి చూశాడు, ఈసారి లేవలేదు. తన బంధువు మిల్లు సారంగాపూర్‌లో ఉందట, వాళ్ల రేకులూ పంపిస్తానన్నాడు.

మా ఆయన అది విన్నాడో లేదో. నిద్రలో ఉన్నాడు. ఇప్పుడు పగలంతా నిద్రే.


నవంబరు 3

ఇంటికి ఆక్సిజన్ మిషన్ వచ్చింది. ముక్కు దగ్గర సన్న పైపు. ఆయన దాన్ని పట్టుకుని చూసి, "చివరికి నాకు గూడ గాలి పైపు వచ్చింది లతా," అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి పోయాను.

డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. షెడ్డులో పనిచేసిన ప్రతి ఒక్కరూ వచ్చి ఫిల్ము తీయించుకోవాలట. "ప్రతి ఒక్కరూ," అని రెండోసారి కూడా అంది.


నవంబరు 12

జైపాల్, నేను జగిత్యాల పోయాం.

ముందు జైపాల్‌ను పిలిచింది. నన్ను కూడా లోపలే ఉండమంది. ఫిల్ము పెట్టి చూసి, "మంచిగున్నది. ఏం లేదు. ఇదివరకటి లెక్క మాత్రం ఎప్పుడు చెయ్యకు," అంది. జైపాల్ సరే మేడం, సరే మేడం అంటూ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికి పోయాడు. టీ తాగొస్తానన్నాడు. గోడ చాటుకు పోయి ఏడ్చాడని తిరిగొచ్చినప్పుడు కళ్లు చెప్పాయి.

తర్వాత నాది పెట్టింది. చాలాసేపు చూసింది.

"ఇంట్ల పని అన్నవు గదమ్మా," అంది. తిట్టలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుని, మెల్లగా, అన్నీ చెప్పింది. ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి చాలా ఏళ్లు బాగా ఉండొచ్చంది. ఆరు నెలలకోసారి రమ్మంది. డ్రమ్ము దగ్గరికి ఇక ఒక్కరోజు కూడా పోవద్దంది. మిగిలింది ఇక్కడ రాయను. రాసినా రాయకపోయినా ఉన్నది ఉంటుంది.

బస్సులో జైపాల్ అడిగాడు. "వదినా, నీదేమన్నది?"

"నాది గూడ మంచిగనే ఉన్నదన్నది."

వాడు కిటికీ వైపు తిరిగి దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఆయన మెలకువగానే ఉన్నాడు. దిండ్లకు ఆనుకుని కూర్చుని, మేము చెప్పులు విడవకముందే చెయ్యి చాపాడు.

"ఏవి, సూపియ్యి."

"డాక్టరమ్మ చూసింది గదా. మంచిగున్నయి ఇద్దరివి."

"నేను సూస్త."

జైపాల్ ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. ఆయన కళ్లు చిట్లించి, కింది నుంచి పైదాకా చూశాడు. తనవి ఇన్ని చూసి చూసి ఆయనకు కూడా తెలిసిపోయింది ఏది ఎలా ఉండాలో. నల్లగా, శుభ్రంగా ఉంది. "అబ్బ," అన్నాడు. తమ్ముడి తల మీద చెయ్యి వేశాడు. జైపాల్ సంతోషంగా షెడ్డు తాళాలు తీసుకుని పోయాడు.

"నీది?"

ఫిల్మును కవరులో పెట్టాను. ఆయనకు వీపు చేసి, కవరులో కాసేపు వెతికినట్టు చేసి, జైపాల్‌దే మళ్లీ తీశాను. వెలుగుకు ఎత్తాను. మూలన పేరు ఉంటుంది. దాని మీద బొటనవేలు పెట్టాను.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు.  నేను ఫిల్ము పక్క నుంచి ఆయన కళ్లు చూశాను. ఆయన చూపు ఫిల్ము మీద లేదు. నా వేలి మీద ఉంది.

"మంచిగున్నది," అన్నాడు.

నేను చెయ్యి దించాను.

"డ్రమ్ము కాడికి వేరే మనిషిని పెడదాం. టోపీ పెట్టుకునేటోన్ని. నువ్వు ఇగ షెడ్డుకు పోకు లతా."

"ఎందుకు?"

"ఊకెనే. ఇంట్ల పని చేసుకో." ఊపిరి తీసుకున్నాడు. నేను ఆగాను. "నా కాడ కూసో."

కవరు బీరువా మీద పెట్టి, వచ్చి పక్కన కూర్చున్నాను.